మబ్బుకి కుట్టిన జేబు

ఆ దుకాణంలో కత్తెర తప్పు చేయదు. అది మాస్టారు పెట్టిన రూలు. కోటు పొట్ట దగ్గర బిగిస్తే, "ఈ మధ్య మీరు కాస్త ఒళ్ళు చేశారండీ" అనేవారు. వదులైతే, "బాగా చిక్కిపోయారు, ఒకసారి డాక్టరుకి చూపించుకోండి" అనేవారు. ఒక చెయ్యి పొడుగ్గా, ఒక చెయ్యి పొట్టిగా వస్తే, "మీ కుడిభుజం కాస్త కిందికుందండీ, ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదా?" అని జాలిపడేవారు. ఆ పెద్దమనిషి పాపం భుజం తడుముకుంటూ ఇంటికెళ్ళి, అద్దం ముందు అటు తిరిగీ ఇటు తిరిగీ, చివరికి పెళ్ళాం మీద విసుక్కునేవాడు. ఎవరైనా మరీ గట్టిగా నిలదీస్తే మాస్టారు నాలుగు గుండుసూదులు తీసి పెదాల మధ్య పెట్టుకునేవారు. నోట్లో సూదులున్న మనిషిని ఎవరు మాట్లాడిస్తారు చెప్పండి.

ఇంత మొండిమనిషి దుకాణానికి జనం ఎందుకొచ్చేవారంటే, నిజంగానే కత్తెర తప్పేది అరుదు. వీధిలో ఆయన పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ కత్తెర మాస్టారే.

దుకాణం పొడుగాటి గది. వాకిట్లో నిలువుటద్దం, దాని వెనక కటింగు బల్ల, గోడవారగా కుట్టుమిషను. ఆ మిషను మీద కూర్చునే మనిషిని అందరూ మిషను బాబాయి అనేవారు. వెనక కిటికీ పక్కన వెలుతురు బాగా పడేచోట కాజాలక్క. గుండీలు దూరే కాజాలు కుట్టడంలో ఆమె చేతికి తిరుగులేదు గనక ఆ పేరు. గుండీలూ అంచులూ కూడా ఆమెవే. నోరు మాత్రం చేతికన్నా వేగం. ఇక కటింగు బల్ల కింద, రాలిన గుడ్డముక్కల గుట్ట మీద, మాస్టారి మనవరాలి రాజ్యం. అయిదో తరగతి. ఇంట్లో ఏదో పేరుంది గానీ వీధిలో అందరికీ పిడుగు.

పిడుగు బడి నుంచి తిన్నగా దుకాణానికే వచ్చేది. బల్ల కింద దూరి, కోట్ల ముక్కలు దిండుగా పెట్టుకుని, కథల పుస్తకం తెరిచేది. పైన తాత కత్తెర కచకచ, కింద పిల్ల పేజీల సరసర. మధ్యమధ్యలో ఆయన కాలి బొటనవేలిని గిల్లేది. ఆయన "అబ్బా" అనేవారు. అంతే, ఇద్దరి మధ్యా రోజూ జరిగే సంభాషణ. కానీ ఆ గిల్లుడు లేనిరోజు ఆయనకి పనిమీద చెయ్యి ఆడేది కాదు.

ఆ యేడు పరీక్షలకి ఇంకా నెల పైన ఉందనగా, ఒక సాయంత్రం సుద్దముక్క జారిపడితే మాస్టారు బల్ల కిందికి వంగారు. పిడుగు ఒళ్ళో లెక్కల పుస్తకం. దీక్షగా చదువుతోంది. ఆయనకి ముచ్చటేసింది. తల పైకెత్తబోతుంటే పిల్ల కిసుక్కున నవ్వి, పేజీ తిప్పింది.

"ఏం చదువుతున్నావే?"

"లెక్కలు."

"లెక్కల్లో నవ్వేదేముంది?"

పిడుగు పుస్తకం మూయబోయింది. లెక్కల పుస్తకం మధ్యలో ఇంకో పుస్తకం ఉంది. "జేబులో మబ్బు" అని దాని పేరు. అట్ట మీద చిన్న కుర్రాడు, వాడి కోటు జేబులోంచి తెల్లగా ఏదో తొంగిచూస్తోంది. మాస్టారు చెయ్యి చాచి లాక్కున్నారు.

"పరీక్షలయ్యాక ఇస్తా."

"ఈ ఒక్క పేజీ తాతా."

"ఒక్క అక్షరం కూడా లేదు. నీ మంచికే చెబుతున్నా."

పిడుగు ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. "ఒక్కసారి ఇలా ఇవ్వు" అని పుస్తకం తీసుకుని, తను ఆగిన పేజీ మూల జాగ్రత్తగా మడిచి, మళ్ళీ ఆయన చేతిలోనే పెట్టి, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. మాస్టారు పుస్తకాన్ని దారాల సొరుగులో పడేశారు.

మర్నాటి నుంచి పిడుగు దుకాణానికి రాలేదు. ఎదురుగా రావాల్సి వస్తే రోడ్డు దాటి అవతలి పక్క నుంచి పోయేది. ఇంట్లో అన్నం దగ్గర మాట్లాడక తప్పనప్పుడు అమ్మ ద్వారా మాట్లాడేది. "అమ్మా, తాతని ఉప్పు ఇటు జరపమను." మాస్టారు కూడా తక్కువ తిన్నారా, "అమ్మాయ్, ఉప్పు జరిపానని నీ కూతురికి చెప్పు" అనేవారు. కోడలు పళ్ళెం పక్కకి జరిపి, "మధ్యలో నన్నెందుకు చంపుతారు ఇద్దరూ" అని తల పట్టుకునేది. పంతం విషయంలో ఆ ఇంట్లో తాతకీ మనవరాలికీ ఒకటే కొలత.

కోపం ఎన్నాళ్ళుంటుందిలే అనుకున్నారాయన. వారం గడిచింది. బల్ల కింద గుడ్డముక్కలు ఎవరూ నలపక పొంగినట్టు అలాగే ఉన్నాయి. మాస్టారి చూపు మాటిమాటికీ వాటికేసి పోయేది. వెంటనే గుండుసూదులు నోట్లో పెట్టుకునేవారు.

అలాంటి రోజుల్లో దుకాణంలో రేడియో చచ్చిపోయింది. మిషను బాబాయి దాన్ని రెండు దెబ్బలు వేసి చూశాడు, బతిమాలి చూశాడు, లాభం లేకపోయింది. రేడియో లేకపోతే మధ్యాహ్నం పూట కాజాలక్కకి నిద్రొస్తుంది. నిద్రొస్తే కాజా వంకరపోతుంది. ఆమె నీలం దారం కోసం సొరుగు లాగితే ఈ పుస్తకం కనబడింది.

"ఇదేంటి మాస్టారూ, మీకు ఈ వయసులో మబ్బులమీద ధ్యాస పట్టింది?" అంటూ మొదటి పేజీ పైకి చదివింది. కేవలం ఎగతాళికి. ఆ సంగతి తర్వాత ఆమె అందరితోనూ ఒట్టేసి చెప్పింది.

ఆ కథలో ఒక ఊరుంది. ఆ ఊళ్ళో సీసాల దొర అని ఒకడున్నాడు. వాడు ఆకాశంలోని మబ్బులన్నిటినీ పట్టి సీసాల్లో బిరడా బిగించి బీరువాల్లో పెట్టాడు. ఎవరికి వాన కావాలన్నా వాడికి అర్జీ పెట్టుకోవాలి. ఇంటికప్పులు ఊడ్చే ఒక కుర్రాడికి పొగగొట్టంలో ఇరుక్కున్న మబ్బుపిల్ల దొరికింది. పిడికిలంత ఉంది. దాన్ని వాడు కోటు జేబులో దాచుకున్నాడు. దానికి కోపమొస్తే గురగురమంటుంది, కాబట్టి గురగుర అని పేరు పెట్టాడు. దానికి దిగులేస్తే జేబు తడిసిపోతుంది. వాడు అబద్ధమాడితే లోపల చిన్న మెరుపు మెరిసి ఒంటికి చురుక్కుమంటుంది.

ఎగతాళికి మొదలుపెట్టిన కాజాలక్క మూడో పేజీకి వచ్చేసరికి ఎగతాళి మానేసింది. నాలుగో పేజీలో మిషను ఆగిపోయింది. "ఏం బాబాయ్, దారం తెగిందా?" అంటే, "ఆ... తెగింది" అన్నాడు. తెగలేదు. కథలో మెరుపైతే అతనికి అప్పుడే చురుక్కుమనేది.

మర్నాటికి దుకాణంలో పద్ధతి కుదిరింది. మధ్యాహ్నం టీ రాగానే కాజాలక్క చదువుతుంది. ఆమె గుండీలు బాబాయి కుడతాడు. మాస్టారు దీనికి ఒప్పుకోలేదు, అలాగని వద్దనీ అనలేదు. ఆ పిల్ల పుస్తకాలకి నాకేం పని అన్నట్టు అటు తిరిగి గుడ్డ కత్తిరించేవారు. అయితే చదవడం ఆపగానే కత్తెర చప్పుడు మొదలయ్యేది, చదవడం మొదలుకాగానే ఆగిపోయేది. కాజాలక్క ఇది రెండోరోజే కనిపెట్టి, నవ్వు దిగమింగుకుని ఊరుకుంది. నాలుగోరోజు ఆయన తనంతట తనే ఒక చొక్కా లాక్కుని గుండీలు కుట్టడం మొదలుపెట్టారు. కటింగు మాస్టారు గుండీలు ముట్టుకోవడమంటే మామూలు విషయం కాదు. బాబాయి తల దించుకున్నాడు, చూడకూడనిది చూసినట్టు.

మాస్టారికి ఆ కథలో కోపం తెప్పించేది ఒకటే. జేబు.

"ఆ ఊళ్ళో పని తెలిసిన దర్జీ ఒక్కడూ లేడా? మామూలు గుడ్డజేబులో మబ్బుని పెడితే నానిపోదూ? దానికి గాలి ఆడొద్దూ? ఎవడు కుట్టాడో గానీ వాడి చెయ్యి విరగ్గొట్టాలి" అని రోజూ ఒకసారి సణిగేవారు.

ఈలోగా బ్యాంకు మేనేజరు కోటు ట్రయల్‌కి వచ్చారు. పెద్దాఫీసులో మీటింగుంది, దానికి కొత్తకోటు. సన్నగా, పొడుగ్గా, నవ్వితే నేరమన్నట్టు ఉంటారు. ఒక చెయ్యి మాత్రమే అతికిన కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డారు. వెనక కాజాలక్క చదువుతోంది. కుర్రాడు సీసాల దొర ముందు నిలబడి జేబులో ఏమీ లేదని బొంకుతున్న ఘట్టం. లోపల మెరుపు చురుక్కు చురుక్కుమంటోంది, వాడు నవ్వుమొహం పెట్టుకుని ఓర్చుకుంటున్నాడు. అధ్యాయం అయిపోయేదాకా మేనేజరు కదల్లేదు. మాస్టారు కొలవడం అయిపోయిందని చెప్పడం మర్చిపోయారు.

"భుజం దగ్గర కాస్త పట్టినట్టుంది. రేపు మళ్ళీ వస్తా" అన్నారు మేనేజరు.

మర్నాడు వదులు చేశారు. "ఇప్పుడు వదులైనట్టుంది." ఆ మర్నాడు బిగించారు. "కాలరు సంగతి చూడాలి." ఇలా రోజూ టీ వేళకి ట్రయల్ జరుగుతుండగా పెద్దాఫీసు మీటింగు రానూ వచ్చింది, పోనూ పోయింది. ఆయన పాతకోటుతోనే వెళ్ళొచ్చారు. కొత్తది తయారైపోతే రోజూ రావడానికి సాకేముంటుంది?

ఇంకొకావిడ టీచరమ్మ. ఎన్నేళ్ళో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. పోయిన భర్త కోటు తన కొలతకి తగ్గించమని తెచ్చారు. మొదటిరోజు గుమ్మంలోనే నిలబడి, "ఇంతమంది పెద్దవాళ్ళుండి చిన్నపిల్లల పుస్తకం చదువుకోవడమేంటి, పనీపాటా లేకుండా" అని మందలించారు. తర్వాత, "కామా దగ్గర ఆగాలమ్మా, రైలు తరుముతున్నట్టు చదవకు" అని కాజాలక్కని సరిదిద్దారు. ఆ తర్వాత స్టూలు లాక్కుని కూర్చున్నారు. మూడోరోజుకి అందరికన్నా ముందొచ్చి ఆ స్టూలు మీద చేతిసంచీ పెట్టి, సీటు కాసుకునేవారు. కోటెప్పటికి కావాలని మాస్టారు అడిగితే, "తొందరేముంది" అన్నారు.

దుకాణంలో ఇంత జనం ఎప్పుడూ లేరు, ఇంత తక్కువ పని కూడా ఎప్పుడూ జరగలేదు. కుట్టిన బట్టలు తీసుకెళ్ళమంటే ఒక్కరూ కదలరు.

ఆ వారంలోనే అసలు ముచ్చట జరిగింది. మేనేజరు కోటుకి లోపలి జేబు వేయాలి. మాస్టారు ఇంకా కథలోని జేబు ఆలోచనలోనే ఉన్నారు. మామూలు లైనింగుకి బదులు రెయిన్‌కోటు గుడ్డ కత్తిరించారు. పైన సుద్దతో చిన్న సున్నా చుట్టి, బాబాయికి ఇచ్చారు. బాబాయి ఇదేంటని అడగకుండా జేబు కుట్టి కాజాలక్కకి ఇచ్చాడు. ఆవిడ సుద్ద సున్నా చూసి, అక్కడ కన్నం చేసి, అంచంతా కాజాలాగా ఒత్తుగా దారం తిప్పి ముద్దుగా కుట్టింది. ముగ్గురి చేతుల మీదుగా పోయింది జేబు. ముగ్గురిలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

మేనేజరు కోటు తొడుక్కుని, జేబులో చెయ్యి పెట్టారు. చూపుడువేలు కన్నంలోంచి బయటికొచ్చింది. ఆయన వేలు ఆడించి చూశారు. గుడ్డని గోటితో గీకి చూశారు.

"మాస్టారూ, ఇది రెయిన్‌కోటు గుడ్డ కదా?"

బాబాయి మిషను చక్రం చూసుకుంటున్నాడు. కాజాలక్క సూదిలోకి దారం ఎక్కిస్తోంది, ఆ సూదిలో అప్పటికే దారం ఉంది. మాస్టారు సాకు వెతుక్కున్నారు. మీ ఛాతీకి గాలి ఆడట్లేదండీ అందామా అని కూడా ఒక క్షణం ఆలోచించారు. చివరికి సూదులకోసం చెయ్యి చాచారు.

మేనేజరు మళ్ళీ వేలు లోపలికి లాక్కుని, మెల్లగా, "గురగురకా?" అని అడిగారు.

మాస్టారు తల ఊపారు.

"ఒక్క కన్నం చాలుతుందంటారా?" అన్నారాయన. అని, నవ్వారు. ఆయనకి నవ్వడం వచ్చని ఆ రోజే అందరికీ తెలిసింది.

ఇంతవరకూ బాగానే ఉంది. మర్నాడు కథ పెద్ద మలుపు తిరిగింది. దొర మనుషులు ఇల్లిల్లూ వెతుకుతున్నారు. కుర్రాడు భయపడి, ఆ పూట జేబుకి గట్టిగా గుండీ పెట్టేసి పడుకున్నాడు. పొద్దున్న లేచేసరికి గుండీ పెట్టింది పెట్టినట్టే ఉంది. జేబు తడిగా ఉంది. లోపల గురగుర లేదు.

కాజాలక్క గుక్క తిప్పుకోకుండా పేజీ తిప్పబోయింది. ఆ పేజీ మూల మడిచి ఉంది.

"ఆపు" అన్నారు మాస్టారు.

ఆ మడత ఎవరిదో ఆయనకి తెలుసు. ఆ వేళ్ళు ఎలా మడిచాయో కూడా కళ్ళముందు ఆడింది. పిల్ల ఇక్కడే ఆగిపోయింది. గురగుర కనబడకుండా పోయినచోట, ఒక్క పేజీ అని అడిగినచోట, తను పుస్తకం లాక్కున్నారు. మూడు వారాలుగా ఆ మబ్బు ఏమైందో తెలియకుండా బడికి పోతోంది, లెక్కలు చేస్తోంది, ఉప్పు అడుగుతోంది.

"పిడుగుని వదిలి మనం ముందుకెళ్ళడానికి వీల్లేదు. పుస్తకం దానిది" అన్నారు.

దుకాణం అట్టుడికిపోయింది. "పరీక్షలయ్యేదాకానా? అప్పటికి నేను ఏ పరిస్థితుల్లో ఉంటానో" అన్నారు టీచరమ్మ, అప్పటిదాకా గుండ్రాయిలా ఉన్న మనిషి. ఆ పుస్తకం ఇంకోటి కొనుక్కొస్తానని వెళ్ళిన మేనేజరు అన్ని షాపులూ తిరిగి ఉత్త చేతులతో వచ్చారు. "పిల్లని అడిగి చూడండి మాస్టారూ, దాటొచ్చా అని. అడిగితే పోయేదేముంది?" అంది కాజాలక్క.

పోయేదేముందో మాస్టారికి తెలుసు. అడగడమంటే ముందు ఇంకో మాట చెప్పాలి. ఆ మాట ఆయన నోట ఏనాడూ రాలేదు. దారంతా సాధన చేస్తూ ఇంటికెళ్ళారు. వీధిమలుపు దాకా బాగానే వచ్చింది. గుమ్మం దాటగానే పోయింది.

"అమ్మాయ్" అన్నారు కోడలితో, అన్నం దగ్గర. "నీ కూతుర్ని అడుగు. ఆ మడత పేజీ దాటి... కొంచెం ముందుకెళ్ళొచ్చా అని."

పిడుగు చెయ్యి ఆగింది. "అమ్మా, ఎవరు వెళ్ళాలో అడుగు."

"అంటే... దుకాణంలో... కాజాలక్క చదువుతుంటే మేమందరం..."

"అందరూ అంటే ఎవరో అడుగమ్మా."

మాస్టారు చెప్పారు. బాబాయి, టీచరమ్మ, బ్యాంకు మేనేజరు. చెబుతున్న కొద్దీ పిల్ల కళ్ళు పెద్దవైపోయాయి. "నా దగ్గర లాక్కుని, నన్ను చదవనివ్వకుండా, వీధంతా చదివేసిందా?" అని ఒక్కసారి అమ్మకేసి చూసి, కంచం దగ్గర్నుంచి లేచిపోయింది. కోడలు మామగారికేసి చూసింది. ఉప్పు తీసి ఆయన ముందు పెట్టింది.

మర్నాడు టీ వేళకి ముందే పిడుగు దుకాణం గుమ్మంలో నిలబడి ఉంది. బడిబట్టల్లో, సంచీ భుజాన ఉండగానే. తాతకేసి చూడలేదు. కాజాలక్క దగ్గరికి చెయ్యి చాచింది. ఆవిడ మారుమాట్లాడకుండా పుస్తకం ఇచ్చింది. పిడుగు మడత పరీక్షగా చూసింది. గోటితో సవరించింది.

"ఎవరూ దాటలేదా?"

"నా చేతులమీద ఒట్టు" అంది కాజాలక్క. చేతులమీద ఆవిడ ఊరికే ఒట్టెయ్యదు.

"అయితే పరీక్ష పెడతా" అంది పిడుగు. "గురగుర ఎందుకు వెళ్ళిపోయింది? ఒకరి జవాబు ఇంకొకరు చెప్పకూడదు. సరిగ్గా చెబితేనే మిగతాది."

స్టూలు మీద టీచరమ్మ నిటారుగా కూర్చున్నారు. బ్యాంకు మేనేజరు, కన్నం జేబు కోటు ఒంటిమీదే ఉంది, చేతులు రెండూ కిందికి వదిలి బుద్ధిగా నిలబడ్డారు.

"జేబు చిన్నదైపోయింది" అన్నాడు మిషను బాబాయి అందరికన్నా ముందు. "ఎదిగే పిల్లకి కుట్టేటప్పుడు లోపల గుడ్డ వదలాలి. తర్వాత విప్పుకోవచ్చు. వదల్లేదు, అది పట్టలేదు. అంతే."

కాజాలక్క సూది పక్కన పెట్టింది. "విసుగొచ్చింది దానికి. అందరికీ కావాల్సినప్పుడు వాన కురవాలి, అక్కర్లేనప్పుడు చప్పుడు చెయ్యకుండా మూల పడుండాలి. ఎన్నాళ్ళుంటుంది ఏ మనిషైనా?" అంది. అది మబ్బన్న సంగతి ఆవిడ మర్చిపోయింది, ఎవరూ గుర్తు చెయ్యలేదు.

మేనేజరు గొంతు సవరించుకున్నారు. "తనుంటే కుర్రాడు దొరికిపోతాడని వెళ్ళింది. నేనైతే వెళ్ళేవాణ్ణి కాదు. జేబులోనే కళ్ళు మూసుకుని కూర్చునేవాణ్ణి. అందుకే అది వెళ్ళడం నాకు..." అని ఆగి, "నచ్చింది" అన్నారు.

"అసలు వెళ్ళలేదు" అన్నారు టీచరమ్మ. ఆవిడ ఒళ్ళో మడతపెట్టిన భర్త కోటుంది. "జేబు తడిగా ఉందని రాశారు కదా. తడి ఉన్నంతసేపు వెళ్ళినట్టు కాదు."

పిడుగు ఒక్కొక్కరి జవాబూ విని తల ఊపింది. తప్పనీ అనలేదు, ఒప్పనీ అనలేదు. ఇక మిగిలింది ఒక్కరు. అప్పటికి కూడా ఆయనకేసి చూడకుండా, బల్ల కాలికేసి చూస్తూ నిలబడింది.

మాస్టారి చెయ్యి అలవాటుగా గుండుసూదుల వైపు పోయింది. మళ్ళీ వెనక్కొచ్చింది.

"గుండీ పెట్టేశాడు" అన్నారాయన. "దాని మంచికే అనుకున్నాడు వెధవ. లోపల దానికి ఊపిరి ఆడుతోందా, దానికి గుండీ ఇష్టమేనా, ఒక్కమాట అడగలేదు. అడిగితే ఏం పోయేది?" ఇంకేదో చెప్పబోయి ఆగారు. బల్లమీద ఉన్న కత్తెరని అటూ ఇటూ జరిపి, "తప్పు తొడుక్కునే ఒంటిది కాదు. కత్తెరదే" అన్నారు.

మిషను బాబాయి నోరు తెరిచాడు. ఇన్నేళ్ళ కొలువులోనూ ఈ మాట వినలేదతను. గుమ్మం బయట దారినపోయే ఎవరో కూడా ఆగిపోయారు, కుడిభుజం తడుముకుంటూ.

పిడుగు మేనేజరు దగ్గరికెళ్ళి, "ఏంటది?" అని జేబుకేసి చూపించింది. కన్నం సంగతి పిల్ల రాగానే కాజాలక్క చెవిలో ఊదినట్టుంది. మేనేజరు వంగి కోటు తెరిచి చూపించారు. పిల్ల రెయిన్‌కోటు గుడ్డ తడిమింది. కన్నంలో చిటికెనవేలు పెట్టి తీసింది. అంచు కుట్టు చూసింది.

"ఎవరు కత్తిరించారు?"

అందరూ ఒకేసారి మాస్టారికేసి చూశారు. ఆయన నేలకేసి చూస్తున్నారు.

పిడుగు సంచీ తీసి గుడ్డముక్కల మీద పడేసింది. బల్ల దగ్గరికొచ్చి, మూడు వారాల తర్వాత, అమ్మ అవసరం లేకుండా అంది.

"జరుగు తాతా."

ఆయన జరిగారు. పిల్ల బల్ల ఎక్కి, ఆయన మోచేతికి ఆనుకుని కూర్చుంది. మడిచిన మూల విప్పి అరచేత్తో రాసింది.

"నేనే చదువుతా. మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు. రోజుకి ఒక్క అధ్యాయమే. నాకు పరీక్షలున్నాయి."

"ఒక్కటేనా?" అన్నారు మేనేజరు, అప్పుడే కాలరు గురించి ఇంకో వారానికి సరిపడా ఫిర్యాదు ఆలోచించుకుంటూ. టీచరమ్మ ఆయన్ని ఉష్షని అదిలించారు.

పిడుగు చదవడం మొదలుపెట్టింది. కుర్రాడు తడిసిన జేబుని వేళ్ళతో తడుముతున్నాడు. ఆకాశంలో ఒక్క మబ్బూ లేదు. మాస్టారి నాలుక చివరికి ఒక ప్రశ్న వచ్చింది. ఇంతకీ లెక్కల పరీక్ష ఎప్పుడే అని. వచ్చి, పెదాల దాకా పాకింది. ఆయన చప్పుడు కాకుండా చెయ్యి చాచి, పెట్టెలోంచి నాలుగు గుండుసూదులు తీసి నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినసాగారు.